అడిగి వేసే పందెం

బసవపున్నయ్య ముప్పై ఏళ్లుగా సినిమా షూటింగుల్లో ప్రాంప్టర్. తెలుగు రాని కథానాయికలకు కెమెరా పక్కన నిలబడి డైలాగు అందించడం ఆయన పని. ఒక్కో ముక్కా విరిచి ఆయన చెబుతుంటే వాళ్లు పెదాలు కదిపేవారు. గొంతు ఆ తర్వాత ఇంకెవరో ఇచ్చేవారు.

భార్య కౌసల్య పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. యూసుఫ్‌గూడలో రెండు గదుల అద్దె ఇల్లు. ఇప్పటి నాయికలు చెవిలో చిన్న మిషను పెట్టుకుని డైలాగు వింటున్నారు కాబట్టి పున్నయ్యకు నెలకో పిలుపు వస్తే గొప్ప. అయినా రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫిల్మ్‌నగర్ వెళ్లేవాడు. అక్కడో ఎడిటింగ్ స్టూడియోలో పనిచేసే హరిణి ఒక్కతే ఆయన్ను కూర్చోమనేది. ఆ అమ్మాయి వాళ్లది రేపల్లె, ఆయనది ఆ పక్క ఊరే. బాబాయ్ అని పిలిచేది.

ఒకరోజు ఆమె కంప్యూటర్లో తెలుగు అక్షరాలు వాటంతటవే పడుతుంటే చూసి, "ఎవరమ్మా అది?" అని అడిగాడు.

"ఎవరూ కాదు బాబాయ్, ఏఐ ఏజెంటు. బిట్‌కాయిన్ ధర ఇంకో గంటకి పెరుగుతుందా తగ్గుతుందా అని చూసి పందెం వేస్తుంది."

"తెలుగులో మాట్లాడుతుందా?"

"శుభ్రంగా."

ఫోన్లో పెట్టించుకున్నాడు. పోయినా ఏడవనంత డబ్బే పెట్టమని హరిణి మరీ మరీ చెప్పింది. "ఆటోమేటిక్‌లో పెట్టనా? మిమ్మల్ని విసిగించకుండా అదే వేసుకుంటుంది."

"వద్దమ్మా. నన్ను అడిగే వేయమను."

అలా మొదలైంది. "బసవపున్నయ్య గారూ, గంటలో ధర పెరిగే సూచన ఉంది. పందెం వేయమంటారా?" అని రోజుకు ఏడెనిమిదిసార్లు ఫోన్ మోగేది. ఆయన వెంటనే సరే అనేవాడు కాదు. ఎందుకు పెరుగుతుందంటావ్ అని నిలదీసేవాడు. అది ఓపిగ్గా చెప్పేది. సగం అర్థమయ్యేది కాదు. "నిన్నా ఇలాగే అన్నావు, తగ్గిందిగా!" అని దెప్పేవాడు. "నిజమే, నిన్న నా అంచనా తప్పింది" అని ఒప్పుకునేది. ఏ పందెం గెలిచాడో, ఏది ఓడాడో సాయంత్రానికి ఆయనకే గుర్తుండేది కాదు. భోజనం చేస్తున్నప్పుడు ఫోన్ కంచం పక్కనే ఉండాలి. మోగడం కాస్త ఆలస్యమైతే చార్జింగ్ అయిపోయిందేమోనని తీసి చూసుకునేవాడు.

రెండు నెలల తర్వాత షూటింగుకు పిలుపొచ్చింది. షేక్‌పేట దగ్గర వేసిన సెట్లో మూడు రోజులు. హీరోయినుకు చెవిలో మిషను పడటం లేదట, మనిషే కావాలందట. మొదటిరోజే తండ్రి శవం ముందు మాట్లాడే పెద్ద డైలాగు. పున్నయ్య అందిస్తున్నాడు, ఆ అమ్మాయి పలుకుతోంది. సరిగ్గా మధ్యలో జేబులో ఫోన్ గుర్రుమంది. ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది, మాట ఆగిపోయింది. ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లతో ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది.

"కట్!"

అసిస్టెంట్ డైరెక్టర్ సాయిశ్రీనివాస్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏంది పున్నయ్యన్నా, మీరే గిట్ల చేస్తే ఎట్ల? ఫోన్ జర గాడ పెట్టి రాండ్రి."

ఇన్నేళ్లలో ఆయన వల్ల టేకు ఆగడం అదే మొదలు. తల వంచుకుని బయటికి వెళ్లి ఫోన్ తీశాడు. వేయమంటారా అని అడుగుతూ ఉంది. "సాయంత్రం దాకా నేను మాట్లాడలేను, నువ్వే వేసెయ్" అని రాసి సంచిలో పడేశాడు. తర్వాతి టేకులో ఒక్క అక్షరం తడబడలేదు. సెట్లో అందరూ చప్పట్లు కొట్టారు, ఆ అమ్మాయికి.

సాయంత్రం బస్సులో ఫోన్ తెరిచాడు. తొమ్మిది పందేలు వేసి ఆరు గెలిచింది. వేసిన సమయం, ధర, ఫలితం వరసగా రాసి ఉన్నాయి. ఆయన పేరు ఎక్కడా లేదు.

"నేను లేకపోయినా బాగానే ఆడావే" అని రాశాడు.

"అవునండీ. మీ జవాబు కోసం ఆగాల్సిన పని లేకపోవడంతో ఒక్క అవకాశమూ తప్పిపోలేదు. ఇలాగే కొనసాగించమంటారా?"

అందులో తప్పేమీ లేదు. మర్యాదగానే అడిగింది. పున్నయ్య దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "వద్దు, ఆపెయ్" అని రాశాడు.

"సరేనండీ, ఆపేశాను" అంది. ఎందుకని అడగలేదు.

షూటింగు ముగిసిన మర్నాడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మధ్యాహ్నం తనే హరిణికి ఫోన్ చేశాడు.

"ఏంటి బాబాయ్, ఏజెంటు మొరాయించిందా?"

"తీసేశానమ్మా."

"అయ్యో, డబ్బులు పోయాయా?"

"లేదు, వచ్చాయి."

"మరెందుకు తీసేశారు?"

"ఊరికే" అన్నాడు. "నువ్వు పనిలో ఉన్నావా?"

"డైరెక్టర్ గారు వచ్చి కూర్చున్నారు బాబాయ్. మళ్లీ చేస్తాను, సరేనా?"

ఆ రోజు చేయలేదు. మర్నాడు తెల్లవారుతూనే పున్నయ్య కృష్ణానగర్ వెళ్లాడు. జూనియర్ ఆర్టిస్టులు షూటింగు వ్యాన్ల కోసం చాయ్ కొట్టు ముందు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లలో నిలబడి ఆయన కూడా చాయ్ తీసుకున్నాడు.

"ఏ పిచ్చర్‌ల చేస్తున్నరన్నా?" అని పక్కనున్న మనిషి పలకరించాడు.

పున్నయ్య ఉత్సాహంగా అతని వైపు తిరిగి, షేక్‌పేట సెట్టు గురించి మొదలుపెట్టాడు. రెండు మాటలు పూర్తికాకుండానే వ్యాన్ వచ్చింది. అతను సగం చాయ్ వదిలేసి పరుగెత్తాడు.

పున్నయ్య ఇంకో చాయ్ చెప్పి అక్కడే నిలబడ్డాడు.