బావగారి ఎత్తుకు నా బండి

నేను పొట్టివాణ్ణి. ఈ సంగతి నాకంటే మా బంధువులకే ఎక్కువ గుర్తుంటుంది. పెళ్ళిళ్ళలో ఫొటో తీసేవాడు నన్ను చూడగానే ముందు వరసలోకి రమ్మని చెయ్యి ఊపుతాడు. ప్యాంటు ఏది కొన్నా కింద కత్తిరించి కుట్టించుకోవాల్సిందే. నలభై దాటాక ఒక పాత అడ్వెంచర్ బైకు కొన్నప్పుడు మావాళ్ళంతా పడీపడీ నవ్వారు. నవ్వితే నవ్వారులే అనుకున్నాను. ఆ బండిని ఇసకలోనూ బురదలోనూ తిరిగేలా మార్చుకోవాలని నా ఆశ. నా కాలికీ నా చేతికీ సరిపోయేలా, నా కోసమే తయారైన వస్తువు ఒక్కటైనా ఈ బతుకులో ఉండాలనిపించింది. అంతకు మించి నేనెవర్నీ ఏమీ అడగలేదు.

ఉండేది తెనాలిలో, ఉద్యోగం బాపట్లలో. ఆఫీసు నుంచి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల మధ్య ఇసక దారులుంటాయి. అక్కడ బయల్దేరి, కాలవ కట్టలూ చేపల చెరువుల గట్లూ పట్టుకుని, వీలైనంతవరకు తారు రోడ్డు ఎక్కకుండా రేపల్లె చేరాలని నా పథకం. రేపల్లెలో మా అక్క ఉంటుంది. ఒళ్ళంతా దుమ్ముతో వాళ్ళ గేటు ముందు దిగి, మంచినీళ్ళిమ్మని కేకేసినట్టు కూడా ఊహించుకున్నాను.

బావగారికి అక్కడే షెడ్డు ఉంది. చెరువుల మీద నీళ్ళు తోడే ఇంజన్లు బాగుచేస్తారు. వెల్డింగ్ మిషన్ దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. మనిషి ఆరడుగులు. అక్క నా బండి సంగతి చెబితే ఆయనే ఫోన్ చేసి, ఎవరో మెకానిక్కు చేతిలో పెట్టి పాడుచేసుకోవద్దని, ఆదివారాలు ఇద్దరం కలిసి చేసుకుందామని అన్నారు. అక్క పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాతో ఎండల గురించీ రైలు టైముల గురించీ తప్ప మాట్లాడింది లేదు. నేను కరిగిపోయాను. బండిని తీసుకెళ్ళి ఆయన షెడ్డులో పెట్టి వచ్చాను.

ఇక ఆదివారం వస్తే చాలు, చర్చిలో ఆరాధన అయ్యీ అవగానే రేపల్లె ప్యాసింజరు ఎక్కేవాణ్ణి. మొదటి రోజే మెయిన్ స్టాండు పీకేశాం, గట్లెక్కేటప్పుడు నేలకు కొట్టుకుంటుందని. సైడ్ స్టాండు కూడా ఊడదీసి పక్కన పడేశాం. బండి ఎత్తు ఎంతో తేలాక దానికి ముక్క అతికించి పొడుగు చెయ్యాలి కదా. ఇంజను కింద రాళ్ళు తగలకుండా మందపాటి ఇనప రేకు వంచి బిగించాం. గాలి పీల్చే గొట్టాన్ని మురుగు కాలవ నీళ్ళకు అందనంత పైకి తెచ్చాం. ముందు పెద్ద స్పోక్స్ చక్రం వేసి, రెంటికీ గుబ్బల టైర్లు తొడిగాం. రేకు వంచింది నేనే. చేతులు బొబ్బలెక్కి, సోమవారం ఆఫీసులో కీబోర్డు ముట్టుకుంటే చురుక్కుమనేది. అయినా అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. మధ్యాహ్నం అక్క రొయ్యల కూర వడ్డిస్తూ మా ఇద్దరి నల్లటి గోళ్ళు చూసి విసుక్కునేది.

ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండేది ఒక్క విషయానికి. పనిచేసేటప్పుడు బండిని చెక్క దిమ్మల మీద ఎక్కించేవాళ్ళం. మనిషి కూర్చుని కొలత చూడాలంటే మాత్రం నేల మీదికి దించాలి. స్టాండ్లు లేవు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకునేది నేను, ఎక్కి కూర్చునేది ఆయన. హ్యాండిల్ ఎంత లేపాలో తన చేతులు చాచి చూసుకున్నారు. వెనక షాక్ అబ్జార్బర్ ఎంత గట్టిగా ఉండాలో తన బరువు వేసి చూసుకున్నారు. నేను ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గేదె కొమ్ములు పట్టుకున్నవాడిలా నిలబడ్డాను. ఒకసారి నేనూ ఎక్కి చూస్తానన్నాను.

"నీ సంగతంతా సీటు దగ్గర చూద్దాంలే. ఫోము కోసేస్తే నీకు ఇట్టే అందుద్ది" అన్నారు.

చెవిలో పువ్వు పెడుతున్నారని తోచలేదు. నమ్మాను. సీటు తెనాలి పట్టుకొచ్చి, మా వీధి చివర సీట్లు కుట్టే భాయికి ఇచ్చి, ఫోము బాగా కోసి పల్చగా చెయ్యమన్నాను. ఆ వారంలో బావగారు సామాన్ల కోసం తెనాలి వస్తూ, సీటు తానే తీసుకెళ్తానన్నారు. నాకు మోత తప్పిందని సంబరపడ్డాను.

సీటు బిగించిన ఆదివారం షెడ్డు వెనక కాలవ కట్ట మీద నడిపి చూడమన్నారు. ఎక్కాను. ఒక పక్క బొటనవేలి కొస మాత్రం నేలకు తగిలింది, రెండో కాలు గాల్లో ఉంది. ఇసకలో బండి ఒరిగినప్పుడు కాలు ఆనకపోతే ఇక అంతే సంగతులు. కొంచెం దూరం పోయి, వెనక్కి తిప్పబోయి తుమ్మకంపలో పడ్డాను. ఆయన పరిగెత్తుకొచ్చి ముందు బండిని లేపారు. దాన్ని అటూ ఇటూ చూసి, ఎక్కి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, కట్ట పొడుగునా దుమ్ము లేపుకుంటూ వెళ్ళొచ్చారు. ఆయనకు కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. నేను ముళ్ళు పీక్కుంటూ చూశాను. అలవాటవుద్దిలే అని భుజం తట్టారు.

మర్నాడు వెళ్ళి భాయిని నిలదీశాను. ఆయన బిత్తరపోయారు.

"మీరు చెప్పినట్టే కోశానండి. తర్వాత మీ బావగారొచ్చి, బండి నడిపేది నేనేనండి, ఇంకో పొర వేసి ఎత్తు చెయ్యండి అన్నారు. మీరూ మీరూ మాట్లాడుకున్నారేమో అనుకున్నానండి."

ఆ ఆదివారాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, నా చేతులతో నేనే ఆయనకు బండి చేసి పెట్టానని తెలిసింది. అయినా ఇంటి అల్లుడితో ఎలా గొడవపడతాను? నేను ఇక్కడ ఒక మాటంటే అది అక్కడ అక్కకు తగులుతుంది. అందుకే అక్కకు ఫోన్ చేశాను. చిన్నప్పుడు నన్ను పొట్టోడా అన్నవాళ్ళని రాయి పుచ్చుకుని వెంటపడి తరిమింది మా అక్క. అంతా చెప్పాను. ఏడ్చినంత పని చేశాను. తను మాట్లాడతానంది. నన్ను మాత్రం నోరు జారొద్దంది. వచ్చే ఆదివారం బండికి ప్రార్థన పెట్టిస్తున్నాం, తప్పకుండా రా అంది. నా గుండెల మీంచి బరువు దిగింది.

వెళ్ళేసరికి బండిని తళతళా కడిగి, హ్యాండిల్‌కి రిబ్బన్లు కట్టి, పొడుగు చేసిన సైడ్ స్టాండు వేసి గేటు ముందు నిలబెట్టారు. పాస్టరుగారూ, చర్చి నుంచి నలుగురైదుగురూ వచ్చారు. మా ఇళ్ళల్లో పాస్టరుగారు ఏ ప్రార్థనకొచ్చినా ముందు ఆ ఇంటావిణ్ణి పక్కకు పిలిచి, దేనికోసం ప్రార్థించాలో అడుగుతారు. ఆవిడ ఏం చెబితే అదే దేవుడికి విన్నవిస్తారు. వరండాలో అక్క ఆయనతో మెల్లగా చెబుతూ ఉంది. నా పేరు చెబుతోందనుకున్నాను. తర్వాత అందరం బండి చుట్టూ నిలబడి తలలు వంచి కళ్ళు మూసుకున్నాం.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ బండి నడపబోతున్న నీ దాసుడికి నీ కాపుదల దయచెయ్యి" అని మొదలుపెట్టారు పాస్టరుగారు.

ఆయన చెయ్యి నా తల మీద పడుతుందని ఇంకొంచెం వంగాను. పడలేదు.

"బావగారి మీద ప్రేమతో ఈ బండిని కానుకగా ఇచ్చిన ఈ తమ్ముణ్ణి కూడా ఆశీర్వదించు ప్రభువా."

కళ్ళు తెరిచాను. పాస్టరుగారి చెయ్యి బావగారి తల మీద ఉంది. చేతికి అందాలని బావగారు బాగా వంగి నిలబడ్డారు. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి, అక్కవి తప్ప. తను నన్నే చూస్తోంది. ఏమీ అనొద్దన్నట్టు తల కొద్దిగా అడ్డంగా ఊపింది. బావగారు చేసినదానికి కోపమొచ్చింది, అంతే. అక్క అలా తల ఊపడం మాత్రం గుండెలో గుచ్చుకుంది. నా మనిషి అనుకున్న ఒక్క మనిషీ నాకు లేకుండా పోయింది.

బండి నాదని అక్కడే అరవచ్చు. ప్రార్థన మధ్యలో నోరెత్తినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అందరూ ఆమెన్ అన్నారు. నా గొంతు వినపడలేదేమో, పాస్టరుగారు కళ్ళు తెరిచి నవ్వుతూ నా వైపు చూశారు. అక్క నన్ను చూస్తూనే రెండు చేతులూ జోడించింది.

ఆమెన్ అన్నాను.