నీళ్ళ క్యాన్లతో సైకిల్ భాయ్

శాలిబండలో సైకిళ్ళు బాగుచేసే భాయ్, పనయ్యాక వెనక చక్రం పైకెత్తి, పెడల్ చేత్తో తిప్పి చూపించేవాడు. "చూడన్నా, మక్ఖన్ లెక్క మెత్తగ తిరుగుతది!"

పాలు పోసే మా బాపు సైకిల్‌కి, వెనక చక్రానికున్న పళ్ళరిగిన పాత ఫ్రీవీలు మీదే కొత్త చైను వేసి, అలాగే తిప్పి చూపించాడు. నిండు పాలక్యాన్లతో భాయ్ కొట్టు పక్క ఎత్తెక్కుతుంటే చైను జారింది. బాపు పడ్డాడు. పాలన్నీ రోడ్డు మీద పారాయి.

భాయ్ పరుగెత్తుకొచ్చి సైకిల్ లేపాడు. "ఖాళీ చక్రమే తిప్పి చూసిన అన్నా. బరువు మీద చూడలే" అన్నాడు తలవంచుకుని.

"అయితది తియ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు బాపు.

ఆ తర్వాత ఎవరి సైకిల్ బాగుచేసినా, నీళ్ళు నింపిన క్యాన్లు కట్టి తానే ఆ ఎత్తు తొక్కేవాడు. దారిలో అందరికీ సలాం చెప్పేవాడు. ఆ ఎత్తు మీదే ఉన్న మా గుమ్మం ముందు మాత్రం చైను వంకే చూస్తూ వెళ్ళిపోయేవాడు.