మంచి నీళ్ళలో చేప

మా ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా దాన్ని బాగుచేసే హక్కు నాదేనని నా నమ్మకం. ఫ్యాను, కుక్కరు పిడి, పక్కింటివాళ్ళ గేటు గడియ, ఏదీ వదల్లేదు. వాటిలో సగం నా చేతిలో పడ్డాకే పూర్తిగా చెడ్డాయని మా ఆవిడ అంటుంది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని కాబట్టి నేను ఒప్పుకోను. చేపల తొట్టి విషయంలో మాత్రం ఒప్పుకుంటాను. దాన్ని పగలగొట్టిందీ నేనే, ఆ తర్వాత జరిగిన దానికి కారణమూ నేనే.

ఒంగోలులో మా ఇంటి ముందుగదిలో బల్ల మీద మూడడుగుల గాజు తొట్టి ఉంది. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా కొన్నాం. అప్పుడు ఆరు చేపలు. ఒకటొకటిగా పోయి చివరికి ఒక్క బంగారు చేప మిగిలింది. అరచేయంత అయింది. ఏ పనీ చెయ్యకుండా వేళకు తిండి మాత్రం అడుగుతుంది గనక మా ఆవిడ దాన్ని దొరగారు అంటుంది.

పదో తరగతి అయ్యాక అమ్మాయిని గుంటూరులో హాస్టలున్న ఇంటర్ కాలేజీలో వేశాం. వేశాం అంటున్నాను గానీ వేసింది నేను. కొత్తపట్నం వైపు ఒక ఊళ్ళో ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. ఊరి పిల్లలకు ఆటలు కూడా చదువేనని చెబుతాను. నా పిల్లను మాత్రం చీకటితోనే లేపి పుస్తకాల ముందు కూర్చోబెట్టే చోటికి పంపాను. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోతుందన్నాను. కళ్ళు మూసుకున్నది నేనేనని అప్పుడు తెలియలేదు.

ఆదివారం సాయంత్రం ఐదింటికి హాస్టల్లో పది నిమిషాలు ఫోను ఇస్తారు. మొదట్లో అమ్మాయి ఏడ్చేది. దసరా సెలవుల తర్వాత ఏడవడం మానేసింది. అలవాటు పడిందని సంతోషించాను. చదువు గురించి అడిగితే “బాగానే ఉంది నాన్నా” అనేది. మిగతా సమయమంతా చేప కబుర్లే. తిన్నదా, తోక చివర తెల్లమచ్చ తగ్గిందా, అద్దం దగ్గరికి వస్తోందా. “ఆ దొరగారే లేకపోతే దానికి మనతో మాట్లాడ్డానికి ఏమీ ఉండదేమోనండీ” అని మా ఆవిడ ఒకసారి నవ్వుతూ అంది. నాకు నవ్వు రాలేదు.

పండుమిర్చి రోజులు వచ్చాయి. పల్లె నుంచి చుట్టాలు బుట్టెడు కాయలు పంపారు. హాస్టలు కూరల్లోకి కాస్త మన కారం తోడుంటుందని మా ఆవిడ అమ్మాయికి పచ్చడి పెట్టబోయింది. మిక్సీలో వేస్తే రుచి రాదు, రోట్లో దంచాల్సిందే. అటక మీది రోకలి దించి భుజాన వేసుకుని ముందుగదిలోంచి పెరట్లోకి వెళుతున్నాను. ఫోను మోగింది. అమ్మాయేమోనని గిరుక్కున తిరిగాను. నాతోపాటు రోకలీ తిరిగింది. ఆ రోజు మంగళవారం, అమ్మాయి ఫోను చేసే రోజు కాదు. తీరా చూస్తే ఎవరో ప్లాట్లు అమ్మేవాళ్ళు.

టక్ మని చిన్న చప్పుడు, అంతే. తొట్టి ముందు అద్దంలో కింది మూల నుంచి జానెడు పొడవున బీట వారింది. దాని వెంట నీళ్ళు సన్నగా ఊరడం మొదలైంది. మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. అప్పటిదాకా మిరపకాయల తొడిమలు తీస్తోంది, మోచేతుల దాకా కారం. “నేను ముట్టుకోకూడదండీ, నా చేతులు కారం! మీరే తియ్యండి! అలా కాదు, గిన్నెతో! మెల్లిగా!” అని రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పట్టుకుని అరుస్తూ నిలబడింది. ఎలాగో దొరగారిని బట్టలు నానబెట్టే నీలం టబ్బులోకి మార్చాను.

ఆదివారానికి ఐదు రోజులుంది. ఆలోగా తొట్టి బాగవ్వాలి, చేప బతకాలి. ఆ పది నిమిషాల్లో అమ్మాయికి చెప్పడానికి ఇంట్లో ఇంకేమీ లేదు.

టబ్బులో ఏ నీళ్ళు పొయ్యాలి? మా వైపు నేల నీళ్ళు నోట పెట్టలేం. ఫ్లోరైడు భయానికి ప్రతి ఇంట్లో తాగడానికి ప్లాంటులో శుద్ధి చేసిన టిన్ను నీళ్ళే. చుట్టాలొస్తే టిన్ను నీళ్ళివ్వడం మర్యాద. ఆ లెక్కనే దొరగారికి రెండు టిన్నులు పోశాను. తొట్టిలో అడుగున మిగిలిన పచ్చటి పాతనీళ్ళు కాలవలోకి వంపేశాను. రాళ్ళు తెల్లగా వచ్చేదాకా తోమాను. ఇంత శుభ్రమైన నీళ్ళలో అది పుట్టాక ఎప్పుడూ ఉండలేదని గొప్పగా చెప్పుకున్నాను.

తర్వాత కుళాయి పైపులకు పెట్టే ముద్ద తెచ్చి అద్దం బయట దట్టంగా పూశాను. మర్నాడు పొద్దున తొట్టి నింపి చూస్తే బల్ల కింద మడుగు. “మాస్టారూ, ఇక గాజు కొట్టుకి వెళ్తారా, లేక ఇల్లంతా చెరువయ్యాక వెళ్తారా?” అంది మా ఆవిడ.

గాజు కొట్టు సాయిబు గారు పెద్దాయన. వాళ్ళ పెద్దలు దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఆ పని తగ్గిపోయాక ఈయన గాజు కోయడం, పటాలు కట్టడం నేర్చుకున్నాడు. సంచీతో ఇంటికొచ్చి, నేను పూసిన ముద్దను గోటితో గీరి చూశాడు.

“బయట పూస్తే ఎట్లా ఆగుద్ది మాస్టారూ? నీళ్ళు లోపల్నించి తోస్తాయి. అతుకు లోపలే వెయ్యాలి. అప్పుడు ఆ నీళ్ళే దాన్ని అద్దానికేసి నొక్కిపెడతాయి.”

లెక్కల మాస్టారినై ఉండీ తలదించుకున్నాను. ఆయన బ్లేడుతో ముద్దంతా గీకి, తడి లేకుండా ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచాడు. బీట కన్నా నాలుగు వేళ్ళు పెద్దదిగా గాజు ముక్క కోసి అంచులు రాయి మీద అరగదీశాడు. దానికి సిలికాన్ రాశాడు. అద్దాలకు వాడేవన్నీ పనికిరావట, బూజు పట్టకుండా మందు కలపని రకమే వాడాలట. గదంతా పులుపు వాసన. ముక్కను లోపలి వైపు ఆనించి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకు నిదానంగా నొక్కుతూ గాలి బుడగలన్నీ బయటికి తోలాడు.

“రెండ్రోజులు ముట్టుకోమాకండి. రెండ్రోజులంటే రెండు పూటలు కాదు” అని నా వంక చూసి మరీ చెప్పాడు.

వెళ్ళబోతూ టబ్బు దగ్గర ఆగాడు. చేప ఒక మూల అడుగున పడుకుని ఉంది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. వేసిన గింజలు అలాగే నాని ఉబ్బి ఉన్నాయి.

“ఏం నీళ్ళు పోశారు?”

“టిన్ను నీళ్ళేనండీ. మేం తాగేవే.”

ఆయన నుదురు కొట్టుకున్నాడు. “మంచి నీళ్ళు మనకి మాస్టారూ. అందులో దానికి కావలసిన సారమేదీ ఉండదు. దాని పాత నీళ్ళేవీ?”

మా ఆవిడ నా వంక చూసింది. నేను కాలవ వంక చూశాను.

ఆయన విసుక్కోకుండా నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. పెరట్లో సిమెంటు తొట్టిలో మనవరాళ్ళ కోసం చేపలు పెంచుతున్నాడు. అందులోంచి పచ్చటి నీళ్ళు ఖాళీ టిన్నులో నింపి ఇచ్చాడు. “ఒక్కసారే గుమ్మరించమాకండి. గంటకో గ్లాసు తీసి, గ్లాసు పొయ్యండి.” స్కూటరు మీద కాళ్ళ మధ్య ఆ టిన్ను పెట్టుకుని వస్తుంటే పక్కింటాయన “ఏ ప్లాంటు నీళ్ళండీ ఇవి? మేం మాత్రం ఎప్పుడూ తాగలా!” అన్నాడు.

గురువారం, శుక్రవారం బడికి సెలవు పెట్టాను. పిల్లకు జ్వరమొస్తే ఒక్కరోజూ సెలవు పెట్టని మనిషిని, చేప కోసం పెట్టాను. టబ్బు పక్కన పీట వేసుకుని గంటకో గ్లాసు మారుస్తూ కూర్చున్నాను. భయమేసింది. చచ్చిపోతే ఆదివారం ఏం చెప్పాలో తోచక కాదు, ఆ తర్వాతి ఆదివారాలు ఏం మాట్లాడుకుంటామో తెలియక. శుక్రవారం సాయంత్రం అది ఒక రెక్క విప్పింది. శనివారం మధ్యాహ్నం ఒక గింజ తిన్నది. మా ఆవిడ పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను, చెంగు లేదు గనక చొక్కాతో.

ఆదివారం పొద్దున తొట్టి నింపి కింద వార్తాపత్రిక పరిచాం. సాయంత్రానికి కూడా కాగితం మీద చుక్క పడలేదు. ఎందుకైనా మంచిదని చేపను మాత్రం ఇంకో రోజు టబ్బులోనే ఉంచాం.

ఐదింటికి ఫోను వచ్చింది. స్పీకరు పెట్టాను.

“అదెలా ఉంది నాన్నా?”

“బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇప్పుడే తిన్నది.”

“తొట్టి గాలి మోటారు చప్పుడు వినపడట్లేదేం?”

“కరెంటు పోయింది.”

“మన ఫ్యాను కిర్రుమంటోంది నాన్నా.”

మా ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. ఇక చెప్పక తప్పింది కాదు. రోకలి దగ్గర్నుంచి టిన్ను నీళ్ళ దాకా అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“మంచి నీళ్ళలో ఏం చేసింది నాన్నా?”

“ఏమీ చెయ్యలేదమ్మా. అడుగున పడుకుంది. తిండి మానేసింది.”

“నేనూ తినట్లేదు నాన్నా” అంది.

ఎంత మామూలుగా అందంటే, నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. “ఇక్కడ అందరూ మంచోళ్ళే. అన్నీ బానే ఉన్నాయి. నాకే అన్నం లోపలికి పోవట్లేదు. నువ్వు బాధపడతావని చెప్పలా.” అవతల ఎవరో సమయం అయిపోయిందన్నారు. ఫోను ఆగిపోయింది.

నేను ఆ చేపలో అయిదు రోజుల్లో చూసింది నా కూతురిలో ఇన్ని నెలల్లో చూడలేదు. మర్నాడు పొద్దున మొదటి బండికి గుంటూరు వెళ్ళాను.

ఆఫీసులో ఉన్న మేడం మర్యాదస్తురాలు. మార్కుల కాగితాలు ముందు పెట్టింది. “బాగా చదువుతోంది కదండీ, మీరూ మాస్టారే, మీకు నేను చెప్పాలా?” అంది. పరీక్షలు ఇంటి దగ్గర చదువుకుని రాస్తుందని చెప్పాను. అమ్మాయికి కబురు పంపి, హాస్టలు వదిలి వెళ్ళేవాళ్ళు నింపే కాగితం ఇచ్చింది. పేరు, తరగతి, గది నెంబరు గబగబా రాశాను. ఆ కింద ‘కారణం’ అని ఒక గడి ఉంది. పెన్ను అక్కడ ఆగింది. చాలాసేపటికి ‘తండ్రి పొరపాటు’ అని రాసి సంతకం పెట్టాను.

ఆవిడ చదివి, “ఇలా రాయకూడదండీ, ఆరోగ్యం అని రాయండి” అంది.

“ఇదే ఉండనివ్వండి” అన్నాను. అప్పటికే అమ్మాయి పెట్టె పట్టుకుని మెట్లు దిగుతోంది. జడ భుజం మీద సన్నగా పడి ఉంది. నేను లేచి ఎదురెళ్ళి పెట్టె అందుకున్నాను.