ఎన్ని సీసలు, అంతయ్యా?

నిర్మలాదేవి వ్యసన విముక్తి సలహాదారు కావాలనుకున్నది ముప్పై ఎనిమిదో ఏట. పుట్టిల్లు జగిత్యాల దగ్గర ఒక దొరల ఇల్లు. భర్త జనార్దన్‌రావుకు మందమర్రి గనుల ఆఫీసులో ఉద్యోగం. అక్కడే ఒక ప్రైవేటు బడిలో ఆమె పద్నాలుగేళ్లు తెలుగు చెప్పింది. సోమవారం పొద్దున పిల్లలు బల్ల మీద తల పెట్టి నిద్రపోతుంటే, వాళ్ల ఇళ్లకు వెళ్లి తండ్రులను గట్టిగా మందలించేది. వాళ్లు తల వంచుకుని వినేవారు. ఆమె వీధి మలుపు తిరగగానే కల్లు కాంపౌండు దారి పట్టేవారు. తాగుడు మాన్పించడానికి కూడా ఒక చదువు ఉందని 1994లో పేపర్లో చూసి, బడికి సెలవు పెట్టి హైదరాబాదులో ఆరు నెలల శిక్షణలో చేరింది.

"కల్లు తాగెటోళ్లకు బుద్ధి చెప్పెతందుకు గూడ పరీక్షలుంటయా?" అని జనార్దన్‌రావు నవ్వాడు.

"ఉంటయ్. మీ ప్రమోషన్ పరీక్షల కంటె కష్టముంటయ్," అందామె పెట్టె సర్దుకుంటూ.

రాత పరీక్షలో ఆమెదే మొదటి స్థానం. ఇక మిగిలింది ఒక్కటే. తాగే మనిషినొకరిని ఎంచుకుని, మొదటి మాటల నుంచి ఆరు వారాలపాటు వెంట ఉండి, జరిగిందంతా ఫైలు రాయాలి. ఆ ఫైలు చూసి బోర్డు మెచ్చితేనే సర్టిఫికెట్టు.

మందమర్రిలో ఒక సేవాసంఘం రెండు గదుల్లో విముక్తి కేంద్రం నడిపేది. అక్కడ ఆమెకు తోడుగా ఉన్నవాడు చాంద్‌పాషా. ఒకప్పుడు లారీ డ్రైవరు. తాగి లారీని కాలువలోకి దించినవాడు, నాలుగేళ్లుగా చుక్క ముట్టనివాడు. అతనే ఆమెను అంతయ్య క్వార్టరుకు తీసుకుపోయాడు. అంతయ్య బాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపే ఫిల్లరు.

దొరసాని వస్తున్నదని తెలిసి అంతయ్య భార్య చంద్రవ్వ పక్కింటికి పరుగెత్తి కుర్చీ తెచ్చింది. నిర్మల అందులో కూర్చుంది. అంతయ్య చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు.

"రోజుకు ఎన్ని సీసలు తాగుతవు, అంతయ్యా?"

"ఒక్కటే, దొరసానీ. గదీ ఒళ్లు నొప్పులకు."

చంద్రవ్వ నేల వైపు చూసింది. పాషా దగ్గాడు. నిర్మల ఫైలులో 'ఒకటి' అని రాసుకుంది.

బయటికొచ్చాక పాషా అన్నాడు, "మేడం, గా ఒకటి పక్కన సున్నా గూడ పెట్టుకోండ్రి."

"అనుమానపడేటోళ్లకు ఎవరూ నిజం చెప్పరు, పాషా. మా పుస్తకంల మొదటి పాఠమే అది."

"మీ పుస్తకం రాసినాయన మందమర్రికి ఎన్నడన్న వచ్చిండా?"

ఆమె నవ్వి ఫైలు మూసింది. ఎక్కువగా తాగేవాడు ఒక్కసారి మానితే ప్రాణం మీదికి వస్తుందనీ, డాక్టరు చూస్తుండగా మెల్లగా మాన్పించాలనీ శిక్షణలో చెప్పారు. కాంపౌండు కల్లులో మత్తుమందు కలుపుతారు కనుక ఇంకా జాగ్రత్త అన్నారు. కానీ ఒక్క సీసావాడికి అంత అవసరం లేదు. అందుకే, ఇరవై ఒక్క రోజులు ఆంజనేయస్వామి మాల వేసుకుంటానని అంతయ్య చెప్పినప్పుడు ఆమెకు పట్టరాని సంతోషమైంది. మాలలో చుక్క ముట్టకూడదు. "మంచిది, ఇంటి దగ్గర్నే మానెయ్యి," అని తన నోటితోనే చెప్పింది.

మాల వేసిన మూడో రోజు పదకొండు గంటలకు పాషా సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చాడు.

"మేడం, అంతయ్య గోడ మీది చీమలు ఏరుతుండు."

"ఏరితే?"

"గోడ మీద చీమలు లేవు."

ఆమె వెళ్లేసరికి క్వార్టరు ముందు జీపు ఆగి ఉంది. కాషాయం కట్టుకున్న అంతయ్యను ఇద్దరు పట్టుకున్నారు. ఒళ్లంతా వణుకు, చూపు ఎవరి మీదా నిలవడం లేదు.

"మాలల ఏదో తప్పు జరిగింది. స్వామికి కోపమొచ్చింది," అంటూ చంద్రవ్వ ఏడుస్తోంది. "కొండగట్టు గుడికి తీస్కపోతున్నం. గుళ్లె పడుకోబెడితె స్వామే చూస్కుంటడు."

అంత దూరం జీపులో పోతే దారిలోనే ఫిట్స్ వస్తాయి. నిర్మలకు అది అర్థమైంది. అంతకంటే ముందు, ఒక్క సీసా మానినందుకు మనిషి ఇలా కాడని అర్థమైంది.

"కొండగట్టుకు తప్పకుండ పోదం. ముందు ఆస్పత్రికి," అంది.

"ఆస్పత్రిల మాల తీసేస్తరు," అన్నాడు జీపు దగ్గరున్న బావమరిది.

"తియ్యనియ్య. నేను పక్కనే ఉంట. బండి తిప్పు."

ఆ గొంతులో తరతరాల దొరసానితనం ఉంది. ఈసారి అది పనికొచ్చింది. బండి తిరిగింది.

ఆస్పత్రిలో డాక్టరు ముందుగా అడిగింది ఆ మాటే. "రోజుకెంత తాగుతడు?"

నిర్మల ఫైలు తెరవలేదు. "ఒకటని చెప్పిండు. అది నిజం కాదు."

"నిజమైన లెక్క తెలిస్తెనే మందు ఎంతియ్యాల్నో చెప్పగల్గుత. జల్ది కనుక్కోండ్రి."

చంద్రవ్వ వరండాలో నేల మీద కూర్చుని ఉంది. నిర్మల వెళ్లి ఆమె పక్కన చతికిలబడింది.

"అయ్యో, కింద కూసున్నరేంది? బల్ల మీద కూసోండ్రి!"

"నేను అడిగిన తీరే తప్పు, చంద్రవ్వా. నువ్వు చెప్పు. ఆయన పానం నీ మాట మీద ఉన్నది."

చంద్రవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ అసొంటోళ్ల ముంగట తొమ్మిదని ఎట్ల చెప్తడమ్మా? మా ఇజ్జత్ ఏం గావాలె?"

"తొమ్మిదా?"

"డ్యూటీకి పోంగ మూడు. వచ్చినంక నాలుగు. పండేటప్పుడు రెండు. ఐతారం సంగతి నాకు తెల్వది."

చిన్నప్పుడు తాత ముందు పాలేర్లు నిలబడి, ఆయనకు నచ్చే మాటే చెప్పడం నిర్మల ఎన్నోసార్లు చూసింది. అది అబద్ధమని ఏనాడూ అనుకోలేదు. మర్యాద అనుకుంది. అంతయ్య కూడా ఆమెకు ఆ మర్యాదే చేశాడు. ఆమె లేచి డాక్టరు గదికి దాదాపు పరుగెత్తింది.

ఆస్పత్రిలో నాలుగో రోజుకు గోడ మీది చీమలు పోయాయి. మాల మెడలోనే ఉంది. నిర్మల ఫైలులో 'ఒకటి'ని ఒక గీతతో కొట్టి, పక్కన 'తొమ్మిది' రాసి, పొరపాటు ఎవరిదో కింద వివరంగా రాసింది. ఆ తర్వాత రోజూ క్వార్టరుకు వెళ్లి, చంద్రవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే తనూ చేయి వేసేది. సీసాల మాట ఎత్తేది కాదు. బాయి సంగతులు, నడుము నొప్పి, షిఫ్టు దిగాక కాళ్లు ఎటు లాగుతాయన్నది అంతయ్యే కొద్దికొద్దిగా చెప్పుకొచ్చాడు. గడువు నాటికి కొండగట్టుకు పోయి మాల విడిచి వచ్చాడు.

ఐదో వారంలో ఒక పొద్దున కేంద్రం గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"దొరసానీ, నిన్న తాగిన."

"లోపలికి రా. ఎన్ని?"

"రెండు. మూడోది కొన్న గని పారబోసిన." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఉత్తదే. మూడోది గూడ సగం తాగినంకనే పారబోసిన."

వెనక పాషా పకపకా నవ్వాడు.

"గిది మాత్రం రాయకుండ్రి," అన్నాడు అంతయ్య. "రాస్తె మీరు పాసుగారంటున్నరు."

నిర్మల అతని ఎదుటే ఫైలు తెరిచి 'రెండున్నర' అని రాసి, పైకి చదివి వినిపించింది. "పాసు సంగతి నాకు ఇడిచిపెట్టు. నిన్న షిఫ్టు దిగినంక ఏమైందో అది చెప్పు."

ఇద్దరూ మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు.

హైదరాబాదులో బోర్డు పెద్ద సరళాదేవి ఫైలంతా ఓపికగా చదివి కళ్లజోడు తీసింది.

"మొదటి పేజీలోనే తప్పు. ఐదో వారంల మళ్లీ తాగిండు. మీకు సర్టిఫికెట్టు ఎందుకియ్యాలె?"

నిర్మల ఫైలు మొదటి పేజీకి తిప్పింది. "మొదటి రోజు ఒకటని చెప్పి నన్ను సంతోషపెట్టిండు మేడం. ఐదో వారం రెండున్నర అని తనంతట తనే వచ్చి చెప్పిండు. అందుకియ్యాలె."

"ఇప్పుడెట్లున్నడు?"

"పదకొండు రోజులైంది ముట్టక. నిన్న నేను బయల్దేరేదాకా సంగతి అది. రేపు పొద్దున డ్యూటీకి పోకముందే కలవాలె."

సరళాదేవి కలం మూత తీసింది. "అయితే మీ బస్సు ఎన్ని గంటలకు?" అంటూ సర్టిఫికెట్టు మీద సంతకం చేసింది.