గొట్టంలో కాసింత ఖాళీ

మా పాకాలలో భానుప్రియ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, వాళ్లకు నా ఖర్చుతో కాఫీ పోయిస్తాను. ఇడ్లీ నిలబడే తింటుంది. ఫోను వస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ మాట్లాడుతుంది. ఆమె పని కంప్యూటర్లకూ కెమెరాలకూ వైర్లు లాగడం. నేను తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు వైర్ల సంగతేం తెలుసు? కానీ ఎదురిల్లు, అందులోనూ అడక్కపోయినా చెప్పే మనిషి. అలా ఒక సూత్రం నాకూ వంటబట్టింది. గొట్టం లోపలి చోటులో నూటికి నలభై పాళ్లకు మించి వైర్లు పెట్టకూడదు. మిగతాది ఖాళీగానే ఉండాలి. కుక్కితే లాగేటప్పుడు వైరు దెబ్బతింటుంది, రేపు ఒకటి చెడితే బయటికి రాదు.

ఇంత తెలిసిన మనిషి పోయిన మామిడి సీజనులో ఏం చేసిందో వినండి.

బంగారుపాళ్యం దగ్గర కృష్ణమూర్తికి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. గేటు పక్కన ట్రాక్టర్లు తూచే కొత్త కాటా పెట్టించాడు. కాటా మీది తూకం ఆఫీసు కంప్యూటరుకు చేరితేనే రైతుకు చీటీ వస్తుంది. ఆ రెంటికీ మధ్య కాంక్రీటు కింద గొట్టం వేసి, భానుప్రియ ఐదు వైర్లు లాగింది. కృష్ణమూర్తి గొట్టంలోకి తొంగి చూశాడు.

“ఏం పాపా, గొట్టం కొనింది గాలి కోసమా? సగం పైన ఖాళీగా ఉండాదే. ఈడ జానెడు నేల మిగిలినా మేము చెట్టు పెడతాం.”

గేటు కెమెరాలకూ, కూలీలు వేలిముద్ర వేసే మిషనుకూ ఇంకో నాలుగు వైర్లు అందులోనే తోయమన్నాడు. ఆమె ఇంకో గొట్టం కావాలంది. కొత్త కాంక్రీటు పగలగొట్టనివ్వనన్నాడు ఆయన. మాటల్లో మాటగా, వెనక కడుతున్న కోల్డ్ స్టోరేజీ గోడౌనుకు కూడా వైర్ల పని ఉందని చెవిన వేశాడు. భానుప్రియ గేటు దాకా నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్లీ నడిచింది. ఆ గోడౌను పని దొరికితే ఆమె చిల్లర పనుల కోసం ఊరూరా తిరగనక్కర్లేదు. సరేనంది.

తొలి తూకానికి ముహూర్తం పెట్టుకున్నారు. మా తోపులో బెంగుళూరు రకం మామిడికాయలు ముందే పక్వానికి వచ్చాయి కాబట్టి తొలి ట్రాక్టరు నాదే. నేను పోయేసరికి కాటాకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ సిద్ధంగా ఉంచారు. భానుప్రియ మాత్రం గొట్టం దగ్గర చెమటలు కార్చుకుంటూ తిరుగుతోంది. తెల్లారగానే ముందు వేసిన ఐదు వైర్లూ బయటికి తీసి, కొత్తవాటితో కలిపి ఒకే కట్టగా లాగడం మొదలుపెట్టిందట. సగంలో బిగిసింది. ఆమె దగ్గర పనిచేసే చిన్నబ్బ, జారుతుందని ఆముదం పోశాడు. లోపలున్న సిమెంటు పొడితో అది కలిసి బంకైపోయింది. కట్ట ముందుకు రాదు, వెనక్కి పోదు. ఇప్పుడు కాటాకు ఒక్క వైరు కూడా లేదు. నా వెనక ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి. కాయలు ఎండకు కాగుతున్నాయి, మనుషులు అంతకన్నా ఎక్కువ కాగుతున్నారు.

కృష్ణమూర్తి గడియారం చూసుకుంటూ, ఒక వైరు నేల మీదే పరిచెయ్యమన్నాడు. ముహూర్తం దాటితే సీజనంతా దెబ్బని ఆయన భయం. రెండో ట్రాక్టరు చక్రానికే అది తెగుతుందని ఆమె భయం. తెగితే తూకం మధ్యలో ఆగి రైతులు గొడవకు దిగుతారు. గోడౌను పని ఎటూ పోయేట్టే ఉంది.

అప్పుడు, ఎప్పుడూ ఆగని ఆ మనిషి ఆగింది.

“తప్పు నాదేన్నా. నువ్వు అడిగినావు, కాదనాల్సింది నేను. నిన్ను చూసి కాదు, గోడౌనును చూసి ఒప్పుకున్నా. ముహూర్తం పోతాది. మా తెలుగు అయ్యోరి ట్రాక్టరు ఇప్పించు, కట్టంతా వెనక్కి పెరికేస్తా.”

తొలి తూకానికి అలంకరించిన ట్రాక్టరు! కృష్ణమూర్తి నావైపు చూశాడు, నేను పురోహితుడి వైపు చూశాను, ఆయన గుమ్మడికాయ వైపు చూశాడు. ఎవరూ వద్దనలేదు. ట్రాలీ విప్పి, కట్టను ఇంజను వెనక కట్టారు. చిన్నబ్బ మెల్లగా ముందుకు పోనిచ్చాడు. ఒక్క కుదుపుతో వైర్లన్నీ తోలు ఊడి, నల్లగా ఆముదం కారుతూ బయటికి వచ్చాయి. ఒక్కటీ పనికి రాదు.

గొట్టంలోకి గుడ్డలు లాగి తుడిచారు. కొత్త వైర్లు ఐదే వేశారు. ఈసారి చేత్తో లాగితే వచ్చేశాయి. ముహూర్తం ఎప్పుడో దాటింది. గుమ్మడికాయ కొట్టి, నా ట్రాక్టరు కాటా ఎక్కించారు. ఆఫీసులోంచి చీటీ వచ్చింది.

కృష్ణమూర్తి దాని మీది తూకం చదువుతూనే భానుప్రియతో మాట్లాడాడు. ముఖంలో నవ్వు మాత్రం లేదు.

“రెండో గొట్టానికి గుంత నీ మనుషులే తవ్వల్ల. కాంక్రీటు మళ్లీ పొయ్యాల్సింది కూడా నువ్వే. ఇంగ గోడౌనుకు ఎన్ని గొట్టాలు కావల్నో ఇప్పుడే చెప్పు. గోడలు లేసినాక చెప్తే ఊరుకోను.”

జవాబు కోసం ఆయన తల తిప్పేసరికి ఆమె అక్కడ లేదు. గోడౌను పునాది మీద, టేపు ఒక కొన చిన్నబ్బ చేతిలో పెట్టి, రెండో కొనతో అటువైపుకు పరుగెత్తుతోంది.