తాత ఒక్కడే చూసుకున్న యుద్ధం

ఆ రోజుల్లో అనగానే మీరు మరీ వెనక్కి పోకండి. కిరోసిన్ దీపాలూ ఎడ్లబండ్లూ ఏమీ లేవు. ఫోన్లున్నాయి, కాకపోతే గోకితే పలికేవి కావు, గట్టిగా నొక్కితేనే పలికేవి. సిద్దిపేటలో స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లు సందుకొకటి లేస్తున్న కాలం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, బస్టాండు దగ్గర ఒక మిద్దె మీది సెంటర్లో కొన్నాళ్లు కూర్చుని, "హౌ డూ యూ డూ" అని ఎవరైనా అంటే మనమూ తిరిగి అదే అనాలి తప్ప మన మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పకూడదన్న రహస్యం కనుక్కున్నాను. దాంతో ఇక ఇంగ్లీషులో నాకు తెలియనిది లేదన్న ధీమా వచ్చేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధీమా మీద నాకే కొంచెం అసూయ. అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకలేదు.

సరిగ్గా అప్పుడే మా కాలేజీలో అంతర్జాతీయ సదస్సు పెట్టారు. పెట్టింది మా హిస్టరీ సారు. ఆయన్ని మేమంతా తారీఖుల సారు అనేవాళ్లం (ప్రపంచంలోని తారీఖులన్నీ గుర్తుంటాయి కాని మా పెళ్లిరోజు గుర్తుండదని వాళ్లావిడే ఎవరితోనో అన్నారట). విషయం, యుద్ధకాలంలో సైనికుల తిండి. సిద్దిపేటకూ సైనికుల తిండికీ ఏం సంబంధమని మేము అడగలేదు, అడిగితే ఆయనా చెప్పలేకపోయేవారు. ఇంగ్లండు నుంచి రావడానికి ఒప్పుకున్న ఒకావిడ దాని మీద పరిశోధన చేస్తున్నారు, అంతే. నిజానికి ముగ్గురు విదేశీయులు రావాలి. ఒకాయనకు వీసా రాలేదు. ఇంకొకాయన హైదరాబాదు దాకా వచ్చి, బిర్యానీ తిని, పడకేశాడు. ఇక అంతర్జాతీయమంతా ఆ ఒక్క మేడం భుజాల మీదే ఉంది. "ఆమెకు జలుబు జేసినా మన సదస్సు జాతీయం అయిపోతది, జర పైలం" అని సారు మా వాలంటీర్లందరికీ చెప్పారు. మేము రెండు రోజులు ఆమె ఎక్కడ నిలబడితే అక్కడ ఫ్యాను తిప్పి, ఫ్యాను గాలి ఎక్కువైందేమోనని మళ్లీ ఆపి, ఆమెకు నిజంగానే జలుబు చేసేంత సేవ చేశాం. నా ఇంగ్లీషు ధీమా కాలేజీ అంతటా తెలుసు కనుక తర్జుమా పని నాకు పడింది. మెడలో బ్యాడ్జీ, భుజం మీద నీలిరంగు చున్నీ, ముఖాన చిరునవ్వు. ఈ మూడూ తీయకూడదని ఆర్డరు.

సదస్సుకు ముందు సారు స్టాఫ్‌రూములో మమ్మల్ని కూర్చోబెట్టి, "మన దిక్కు యుద్ధానికి పోయొచ్చినోళ్లు ఎవలన్న ఉన్నరా? మేడం గట్లాంటి మనిషితోని మాట్లాడాలంటున్నరు" అన్నారు.

"మా తాత ఉన్నడు సార్. బంగ్లాదేశ్ యుద్ధంల కొట్లాడిండు" అన్నాను నేను, చెయ్యి ఎత్తకుండానే.

"మరి తిండి గురించి చెప్తడా?"

"తినకుండ ఎట్ల కొట్లాడుతడు సార్?"

ఈ జవాబు సారుకు బాగా నచ్చింది. కార్యక్రమ పత్రంలో తాత పేరు కర్నల్ గారి పేరు కింద వేయించారు. ముఖ్య అతిథిగా హైదరాబాదు నుంచి ఒక రిటైర్డు కర్నల్ గారు వస్తున్నారు మరి.

మా తాత సంగతి కొంచెం చెప్పాలి. మాది మిరుదొడ్డి దగ్గర ఊరు. అక్కడ తాతకు పేరున్నట్టు ఎవరికీ గుర్తులేదు, అందరూ మిలట్రీ అనేవారు. "మిలట్రీ ఇంటి పక్కపొంటి పో" అంటేనే తోవ తెలిసేది. పంచాయితీల్లో ఆయన మాట అయ్యాకే మిగతావాళ్లు నోరు తెరిచేవారు. ఛాయ్ హోటలాయన పొద్దున్నే మొదటి కప్పు తాతకిచ్చాకే బోణీ చేసేవాడు. దీనికంతటికీ మూలం తాత యుద్ధం కథలు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరైనా బతిమాలితే, సగం మూసిన కళ్లతో నాలుగు ముక్కలు చెప్పేవాడు. "తెల్లారకముందే ఫైర్ షురూ అయ్యేది. పొగల మనిషికి మనిషి కనవడకపోతుండె. డబ్బాలకు డబ్బాలు ఖాళీ. కంపెనీ కంపెనీని ఒక్కన్నే సూసుకున్న." అక్కడ ఆపి, ఎడమచేతి మీది మచ్చను తడుముకునేవాడు. వినేవాళ్లకు ఒళ్లు జలదరించేది. బడిలో ఎవరైనా నాతో పోట్లాటకు వస్తే, "మా తాత ఒక్కడే కంపెనీని సూసుకున్నడు, ఎరుకేనా?" అని నేనూ ఆ మచ్చ మీద చాలాకాలం బతికాను.

అందుకే సదస్సు కబురు చెప్పగానే తాత ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన బీడీ ఆర్పేశాడు. "తిండి గురించి అడుగుతరా? తుపాకులు, బాంబులు గట్ల కాదా?" అన్నాడు. తిండి గురించేనని చెప్పాను. "నాకు పొలంకాడ పనున్నది బిడ్డా." పొలం కౌలుకిచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. నడుము నొప్పి అన్నాడు, కొత్త చెప్పులు కరుస్తున్నాయన్నాడు. చివరికి నాయినమ్మ అందుకుంది. "ఇంగ్లండు నుంచి దొరసాని వచ్చి నీ ముచ్చట అడుగుతుంటె పోనంటవేందయ్యా? ఊరోళ్లు ఏమనుకుంటరు? నేను గూడ వస్త." నాయినమ్మ వస్తున్నదంటే హోటలాయనా వస్తానన్నాడు. ఆయన హోటలు మూస్తున్నాడంటే మిగతావాళ్లకు ఊళ్లో చేయడానికి పనేముంటుంది? రెండు ఆటోలు నిండాయి. తాత మాత్రం దారంతా నా చెవిలో, "నేను చెప్పింది చెప్పినట్టె చెప్పు. ఎక్కువ తక్కువ చెయ్యకు. ఊరంత ఈడనే ఉన్నది, నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది బిడ్డా" అంటూనే ఉన్నాడు. పెద్దవాళ్ల గాభరా అనుకొని నేను గట్టిగా తలూపాను.

హాలు నిండిపోయింది. మేడం ముందుగా తమ దేశపు సిపాయిలు తిన్న తిండి గురించి మాట్లాడారు. డబ్బా మాంసం, రాయిలాంటి బిస్కెట్లు. పాతకాలం పద్ధతిలో తనే చేసి తెచ్చిన బిస్కెట్టొకటి అందరికీ చూడమని ఇచ్చారు (తారీఖుల సారు మర్యాదకోసం కొరికి, ఆ తర్వాత ఉపన్యాసమంతా దవడ పట్టుకొని విన్నారు). తర్వాత తాతను పిలిచారు. ఇస్త్రీ చొక్కాలో తాత, పక్కన మైకుతో నేను. మూడో వరుసలో మా ఊరు, మధ్యలో నాయినమ్మ. మేడం ఎంతో మర్యాదగా, యుద్ధంలో మీ రోజు ఎలా గడిచేదని అడిగారు. నేను తర్జుమా చేశాను. తాత గొంతు సవరించుకున్నాడు. మూడో వరుసకేసి చూశాడు. ఇక వేరే దారి లేదనుకున్నట్టు, ఊళ్లో చెప్పేదే చెప్పాడు. "తెల్లారకముందే ఫైర్ షురూ. పొగల మనిషికి మనిషి కనవడకపోతుండె. కంపెనీ మొత్తాన్ని ఒక్కన్నే సూసుకున్న."

చిన్నప్పటి నుంచి విన్న కథ కదా, నాకు ఆలోచించాల్సిన పనే లేకపోయింది. "మై గ్రాండ్‌ఫాదర్ అలోన్ ఫినిష్డ్ ద హోల్ కంపెనీ, మేడం" అన్నాను, బ్యాడ్జీ సర్దుకుంటూ.

ఆమె ముఖం తెల్లబోయింది (ముందే తెలుపు, అయినా తెలిసింది). "ఎనిమీ సోల్జర్స్?" అని మెల్లగా అడిగారు. నేను తర్జుమా చేసేలోపే తాత ఆ 'ఎనిమీ' మాట పట్టేశాడు. పట్టాలంలో నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి. ఆయనకు నిజంగానే మనసు నొచ్చింది. "ఎనిమీ ఏడికెళ్లి వస్తడు బిడ్డా గాడికి? అందరు మనోల్లే!"

చెప్పింది చెప్పినట్టే చెప్పమన్నాడు కదా. "నో ఎనిమీ, మేడం. ఆల్ అవర్ ఓన్ పీపుల్" అన్నాను. నేనన్నది నా చెవుల్లో పడేసరికి ఆలస్యమైంది.

ముందు వరుసలో కర్నల్ గారు లేచి నిలబడ్డారు. "అప్నే జవానోంకో ఖతమ్ కియా? కిస్ సే?" మన జవాన్లనే చంపావా, దేంతో, అని. ఆ గొంతు వినగానే మా తాత నడుము నొప్పి ఎటు పోయిందో, చివరి 'కిస్ సే' ఒక్కటే చెవిన పడినట్టు, మడమలు టక్కున కలిపి, ఛాతీ విరిచి, సెల్యూటు కొట్టి, హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"దాల్ రోటీ సే, సాబ్!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కర్నల్ గారికి ఒక్కరికే అయింది. ఆయన మీసం అదిరింది. "బావర్చీ థే?"

"జీ సాబ్." ఈసారి గొంతు తగ్గింది. "బావర్చీ."

అంటే వంటవాడు. ఫైర్ అంటే పొయ్యి. పొగ అంటే పచ్చికట్టెల పొగ. డబ్బాలు అంటే నెయ్యి డబ్బాలు. ఎడమచేతి మీది మచ్చ కాగిన నెయ్యి చిందిన మచ్చే అయ్యుంటుంది. చూసుకోవడమంటే కడుపు చూసుకోవడం. యుద్ధం గురించి తాత ఇన్నేళ్లలో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. మేమే ఆయన పొయ్యిలో తుపాకులు పెట్టుకున్నాం. హోటలాయన ఉండబట్టలేక లేచి, "మరి తుపాకి, మిలట్రీ?" అని అడిగాడు. తాత నేల చూస్తూ చెప్పాడు. "ఇచ్చిండ్రు. కాల్చుడు గూడ నేర్పిచ్చిండ్రు. గని పొద్దంత గంటె పట్టుకుంటి, ఇగ తుపాకి ఏ చేత్తోని పట్టాలె?" హాలంతా గొల్లుమంది. నవ్వనివాళ్లు ఇద్దరే, తాతా నేనూ. ఆయన చెవులు ఎర్రబడటం నాకు దగ్గరి నుంచి కనిపించింది.

సంగతి తెలిసి మేడం మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి తాత చేతులు పట్టుకున్నారు. ఆమె కొన్నేళ్లుగా వెతుకుతున్నది ఇలాంటి మనిషి కోసమేనట. పోరాడినవాళ్లు పుస్తకాలు రాశారు కాని వండినవాళ్లు ఎవరూ రాయలేదట. వంట మీద బాంబులు పడేవా అని అడిగారు. "దూరంగ పడేటియి. ఒక్కపారి పప్పు ఉడికే గంజుల మన్ను వడ్డది. పైన పైన తీసి వడ్డిచ్చిన. ఎవ్వలు ఏమనలే. ఆకలి గట్లుంటది" అన్నాడు తాత. జనం ఈసారి చప్పట్లు కొట్టారు. తాత తల కొంచెం పైకి లేచింది.

లేచిన తల మళ్లీ వంగడానికి ఎంతోసేపు పట్టలేదు. మూడో వరుస నుంచి నాయినమ్మ, "సారూ, గా మైకు ఇటియ్యిండ్రి" అంది. అంతర్జాతీయ సదస్సులో ప్రశ్నల సమయమని ఒకటుంటుందని సారే చెప్పారు కనుక ఇవ్వక తప్పలేదు.

"వందమందికి వండినవా? నలభై ఏండ్ల సంది నాకు ఒక్కపూటన్న వండివెడితివా? పెద్దోడు పుట్టి నేను మంచంల ఉంటె పక్కింటామె గంజి కాసి పోసె. పొయ్యి అంటువెట్టుడె నాకు రాదని గడపల కూసుంటివి గదనయ్యా!"

తాత ఒకడుగు నా వెనక్కి జరిగాడు. మేడం ఆసక్తిగా నా మోచెయ్యి తట్టి, ఆవిడ ఏమంటున్నారు అని అడిగారు. ఆ రెండు రోజుల్లో నేను చేసిన తర్జుమాలన్నింటిలోకీ తెలివైనది అదే.

"షీ ఈజ్ ఆల్సో వెరీ హ్యాపీ, మేడం" అన్నాను. మేడం నాయినమ్మకు కూడా చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆదివారం కనుక నేనూ వాళ్లతో ఊరికి పోయాను. పొద్దున లేచేసరికి తాత ఛాయ్ హోటలుకు పోలేదు. వాకిట్లో పొయ్యి ముందు గొంతుక్కూర్చొని ఊదుతున్నాడు. "హోటలుకు పోలేదా తాతా?" అంటే, "ఏం మొఖం పెట్టుకొని పోవాలె బిడ్డా? మిలట్రీ నిన్ననే సచ్చిపోయె" అన్నాడు, నవ్వకుండా. కాసేపటికి హోటలాయనే గేటు దగ్గరికి వచ్చి, "మిలట్రీ, ఛాయ్‌కు రాకపోతివి? నీకు పొయ్యంది నేను బోణీ ఎట్ల చెయ్యాలె?" అని కేకేశాడు. పొయ్యినీ తాతనూ ఒకసారి చూసి, "వంటయినంకనే రా తియ్" అని వెళ్లిపోయాడు. తాత చాలాసేపు ఆ గేటుకేసే చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు కాని పొయ్యి పొగ ఉంది కనుక అది లెక్కలోకి రాదు.

పప్పూ రొట్టే చేసి, పళ్లెంలో పెట్టి, తీసుకుపోయి నాయినమ్మ ముందు పెట్టాడు. ఆమె వాకిట్లోనే మంచం మీద అటు తిరిగి కూర్చుంది. చాలాసేపటికి ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క తుంచింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

"గింత మంచిగ వండేటోనివి, మరి నాకెందుకు చెప్పలేదయ్యా?" అంది చివరికి.

"వంటోడంటె మీ బాపు పిల్లనిస్తుండెనా?" అన్నాడు తాత. "సిపాయి అనుకున్నరు, అనుకోనిచ్చిన. పెండ్లయినంక చెప్దామంటె, నువ్వు యేడ ఇడిసిపెట్టి పోతవో అని..."

నాయినమ్మ పళ్లెంలోనే చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. తొందరేమీ పడలేదు.

"మా బాపు ఇయ్యకపోతుండె" అంది. "గని నేను చేసుకుంటుంటి."

తాత ఆ పళ్లెం తనే తీసుకుపోయి, కడిగిందే రెండుసార్లు కడిగాడు.

సోమవారం నేను సిద్దిపేట వచ్చేశాను. హాస్టల్‌లో ఈ కథ చెప్పమని ఎవరు అడిగినా చెప్పేదాన్ని, కర్నల్ గారి గొంతూ తాత సెల్యూటూ అన్నీ చేసి చూపిస్తూ. పిల్లలు మంచాల మీద పడి దొర్లేవారు. వాకిట్లో నాయినమ్మ అన్న మాట మాత్రం చెప్పేదాన్ని కాదు, దానికి ఎవరూ నవ్వరని. ఇప్పుడు నాకూ పెళ్లయి పదేళ్లు దాటింది. ఎవరైనా ఈ కథ అడిగితే మిగతాదంతా గబగబా ముగించి, తొందరగా ఆ వాకిట్లోకి పోవాలనిపిస్తుంది.