కాకులు తెచ్చిన రాగులు

పద్దెనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించి పెట్టడానికి చోటు దొరకలేదు. దొరికిన చోట ధైర్యం చాలలేదు.

మా చర్చి సంఘంలో ఆ అబద్ధానికి ఒక పేరు కూడా ఉంది. ‘కాకుల సాక్ష్యం’ అంటారు. కొత్తగా పెళ్ళయిన ఆడపిల్లలను నా ఎదురుగా చాప మీద కూర్చోబెట్టి, కాపురం ఎట్లా నిలబెట్టుకోవాలో ఈ అక్క దగ్గర నేర్చుకోండి అంటారు. నేను చెబుతాను. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకుంటాను. నా కన్నీళ్ళు దేనికోసమో వాళ్ళకు తెలియదు.

ఇది చదువుతున్న నువ్వెవరో నాకు తెలియదు. నా పేరు నీకు అక్కరలేదు. నేను బడికి పోయినదాన్ని కాదు. నాయన గొర్రెల మంద పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. వాటితో వాక్యం చదువుకున్నాను. ప్రతి పంటకూ, ప్రతి వానకూ దేవునికి వందనాలు రాసుకున్నాను. ఈ రోజు అవే అక్షరాలతో ఇది రాస్తున్నాను. వందనాలు రాసినంత తేలిక కాదు. అయినా రాస్తాను.

మాది ముదిగుబ్బ దాటాక వచ్చే ఒక మెట్ట ఊరు. ఆ ఏడు వేరుశనగ పూత దశలోనే మాడిపోయింది. బోరు ఎండిపోయింది. పెళ్ళప్పుడు నాయన నాకిచ్చిన నాలుగు గొర్రెలు అప్పటికి పదిహేను అయ్యాయి. వాటిని అమ్మి ఇంకో బోరు వేద్దామన్నాడు నా భర్త. వద్దని ఏడ్చాను. నేను కూలికి పోయిన రోజు చూసి ఆయన వాటిని కదిరి సంతకు తోలుకుపోయాడు. కొత్త బోరులో తెల్లటి దుమ్ము లేచింది. అంతే. నీళ్ళు లేవు.

అది ఆయన తప్పే. దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ దాని మీద నేను కట్టిన గోడ సంగతి ఇన్నేళ్ళూ చెప్పలేదు.

వారం తరువాత ఆయన కదిరిలో పని వెతుక్కుని వచ్చాడు. నేను పక్క ఊరి రైతు చేనులో కలుపు తీస్తున్నాను. మధ్యాహ్నం వేళ, మిగతా ఆడవాళ్ళు చెట్టు కింద సంగటి తింటున్నారు. గట్టు మీద నిలబడి పిలిచాడు.

“ఏం మే, పని దొరికినాది. మండీలో మూటలెత్తేది. వారానికొకతూరి వచ్చి పోతా.”

“నా గొర్రెల్ని తెచ్చినావా?”

“యాడనుంచి తేవల్ల? అవి ఎవరింట్లో కూరైనాయో ఏమో.” నన్ను నవ్వించాలని అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“అట్లయితే నువ్వూ రావద్దు.”

“నేను రాకుంటే మీకు కూడెవరు పెడతారు?”

“దేవుడు ఉండాడు సాకేదానికి. నీ కూడు మాకొద్దు. బిడ్డ మీద ఒట్టు, నా గడప తొక్కొద్దు.”

ఒట్టు పెట్టుకోకూడదని నాయన నాకు చిన్నప్పటి నుంచీ నేర్పాడు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి వద్దనేవాడు. అయినా పెట్టాను. అదీ నాలుగేళ్ళ పిల్ల మీద. ఆయన ముఖం మారిపోయింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని రోడ్డు వైపు నడిచాడు. నేను మళ్ళీ కలుపు తీశాను. నేను దేవుని పేరు పలికింది విశ్వాసంతో కాదు. చేతికి రాయి దొరికితే విసిరినట్టు ఆ పేరును విసిరాను.

ఆదివారం నాడు ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. మీ ఆయన యాడికి పోయినాడమ్మా అని అడిగారు. “చెప్పకుండా పోయినాడు” అన్నాను. అది మొదటి అబద్ధం. ఎంత తేలికగా వచ్చిందో! అందరూ నా తల నిమిరారు. ఆ నిమరడం నాకు హాయిగా ఉంది.

రెండు వారాలకు, కూలి నుంచి వచ్చేసరికి వాకిట్లో గోడకు ఆనించి ఒక సంచి ఉంది. రాగులు. గడపకు జానెడు బయట. మా ఇల్లు ఊరి చివర. పగటిపూట అందరూ చేలలో ఉంటారు కాబట్టి ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు. కానీ సంచి మూతికి కట్టిన తాడు నల్ల గొర్రె బొచ్చుతో పేనింది. ఆ ముడి నా భర్తలా మందలో పెరిగినవాళ్ళు వేసే ముడి. లాగితే బిగుస్తుంది, నొక్కితే వదులవుతుంది.

మా పాప ముందే పట్టేసింది. “అమ్మా, ఇది నాయన ముడి!” అంది చప్పట్లు కొడుతూ.

“నోరు మూయి. దేవుడు పంపినాడు” అని దాని వీపు మీద ఒకటి వేశాను.

పిల్ల ఏడ్చింది. తరువాత నమ్మింది. నాలుగేళ్ళ పిల్ల తల్లి చెప్పింది నమ్మక ఏం చేస్తుంది?

సంచులు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ రాగులు కుండలో పోసి, సంచి పొయ్యిలో వేసి, తాడును మాత్రం ట్రంకు పెట్టె అడుగున దాచేదాన్ని. ఎందుకు కాల్చలేదో నాకూ తెలియదు. ఒకసారి కృతజ్ఞతా కూటంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. బైబిల్లో కరువు కాలాన ప్రవక్తకు కాకులు ఆహారం తెచ్చినట్టు, భర్త విడిచిపెట్టిన నాకు ఎవరో తెలియని చేతితో దేవుడు రాగులు పంపుతున్నాడని చెప్పాను. స్తోత్రం, స్తోత్రం అని సంఘమంతా లేచి నిలబడింది. ఆ రోజు నుంచి నేను వాళ్ళ దృష్టిలో పెద్దదాన్నయ్యాను. ఎందుకు సరిదిద్దలేదని నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. మొదట కోపం. తరువాత భయం. ఆ తరువాత, నిజం చెప్పాలంటే, ఆ గౌరవం రుచి మరిగాను.

రెండేళ్ళు గడిచాయి. ఒక రోజు చేనులో ఉండగానే వాన పట్టుకుంది. పని ఆపి ఇంటికి వస్తే ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. చూరు కిందికి కూడా రాకుండా, సంచి తడవకూడదని దాని మీదికి వంగి, తాను నిలువునా తడుస్తూ. మనిషి సగమైపోయాడు.

“లోపలికి రా” అన్నాను.

“ఒట్టు పెట్టినావు కదా. పాప మీద.”

“ఆ ఒట్టు నాది. దేవుడు నన్ను అడుగుతాడులే. రాప్పా.”

వచ్చాడు. సంగటి పెట్టాను. తిన్నాడు. మా మధ్య జరిగిన రాజీ అంతే.

అసలు పాపం ఆ తరువాతి ఆదివారం జరిగింది. పాస్టరయ్య ఆయనను ముందుకు పిలిచి, భార్యాబిడ్డలను విడిచిపెట్టి పోయినందుకు సంఘం ముందు మోకరించి పశ్చాత్తాపపడమన్నాడు. ఆయన ఒక్కసారి ఆడవాళ్ళ వైపు చూశాడు. నా వైపు. నేను లేచి, ఈయన విడిచిపెట్టలేదు, నేనే వెళ్ళగొట్టాను, కాకులూ లేవు ఏమీ లేవు అని ఉంటే అక్కడితో అయిపోయేది. నోరు తెరుచుకుంది కూడా. కానీ ముసుగు ఇంకొంచెం ముందుకు లాక్కున్నాను. ఆయన మోకరించాడు. “క్షమించండి” అన్నాడు. గొర్రెల కోసం అన్నాడో, నా కోసం అన్నాడో!

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు తిడతాడు అని ఎదురుచూశాను. సగం దారిలో అడిగాడు.

“ఆ రాగుల్లో రాళ్ళుండె కదా. చూసుకున్నావా? పాపకు పండ్లు నొప్పి కాలేదు కదా?”

అంతే. ఈ రోజు వరకూ ఇంకేమీ అడగలేదు. సంఘంలో ఆయనను ప్రార్థన చేయమని ఎవరూ పిలవరు. పెద్దల వరుసలో చోటు లేదు. వెనక, చెప్పులు విడిచే చోట కూర్చుంటాడు. నా సాక్ష్యం వచ్చినప్పుడల్లా తల వంచుకుంటాడు. జనం సిగ్గు అనుకుంటారు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, వచ్చే వారం మా పాప పెళ్ళి. మొన్న అరుగు మీద ఆయన కదురుతో బొచ్చు వడుకుతుంటే, పాప నా పక్కన కూర్చుని అంది.

“అమ్మా, పెండ్లినాడు నీ కాకుల సాక్ష్యం చెప్పల్ల. మా ఆయన గూడా నాయన మాదిరి పారిపోతే నాకూ కాకులు కావల్ల కదా!” నవ్వింది. నవ్వు ఆగాక గొంతు తగ్గించింది. “చర్చిలో నా చేయి పట్టుకోని నడిపించేదానికి సంఘ పెద్దను అడిగినా. నాయన అయితే అందరికీ పాత సంగతి గుర్తొస్తాది. ఏమనుకోవద్దు నాయనా.”

ఆయన కదురు ఆగలేదు.

“మంచిదేలే తల్లీ. ఆయప్ప పంచె గూడా నా పంచె కంటే తెల్లగుంటాది” అన్నాడు.

పాప నవ్వింది. నేను లేచి లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచాను. తాళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. బొచ్చు చిమటలు కొట్టి అక్కడక్కడా రాలిపోతోంది. ముడులు మాత్రం అట్లాగే ఉన్నాయి.

దేవుడు నమ్మదగినవాడని పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను. అది అబద్ధం కాదు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కరువులో దేవుడు నన్ను ఆకలితో ఉంచలేదు. కానీ ఆయన పంపిన మనిషిని దాచిపెట్టి, పంపినందుకు వందనాలు చెప్పాను. మా పెళ్ళినాడు ఇద్దరమూ ఒకే ప్రమాణం చేశాం. దాన్ని వాకిట్లో తడుస్తూ నిలబెట్టుకున్నవాడు వెనక కూర్చున్నాడు. గడప లోపల కూర్చుని తెంచినదానికి ముందు వరుస దొరికింది. నువ్వైతే ఏం చేసేదానివి? వద్దులే, చెప్పకు. నీ దగ్గర తీర్పు కోసం రాలేదు.

రేపు మధ్యాహ్నం ఇద్దరూ అన్నానికి కూర్చున్నప్పుడు ఈ కాగితం చదువుతాను. తాళ్ళు పాప ఒడిలో పెడతాను. అది నన్ను ఏమంటుందో తెలియదు. ఇన్నేళ్ళ తరువాత నా ముఖం చూడకపోయినా దాని తప్పు లేదు. చర్చిలో ఎవరి చేయి పట్టుకుని నడుస్తుందో అదే తేల్చుకోవాలి. ఆదివారం సంఘంలో కూడా ఇదే చదువుతాను. ముందు వరుసలో నుంచి లేచి కాదు. వెనక, చెప్పుల దగ్గర, ఆయన పక్కన నిలబడి.

క్షమిస్తారా? తెలియదు. ఆయన నన్ను ఎప్పుడు క్షమించాడో కూడా తెలియదు. బహుశా రాళ్ళ సంగతి అడిగిన రోజే కావచ్చు. కాకపోవచ్చు.

కాకులు రాలేదు. రాగులు తెచ్చింది నా భర్త. కదిరి నుంచి, బస్సు దిగాక భుజాన మోసుకుని, గడప దాకా.

రాశాను. కాగితం మడిచి ట్రంకు పెట్టెలో తాళ్ళ మీద పెట్టాను.